యంత్రశిల్పి జి.డి. నాయుడు

తెలుగువారు తమ రాష్ట్రాలలోనే కాక పొరుగు రాష్ట్రాలలోనూ తరతరాలుగా స్థిరపడి ఉన్నారు. ఒడిశాలోని జయపురం, కోరాపుట్, రాయగడ ప్రాంతాలలో ఇంట తెలుగు, అంగడిలో ఒడియా మాట్లాడే కుటుంబాలు ఎన్నో కనిపిస్తాయి. అట్లే తమిళనాడులోని కోయంబత్తూరు చుట్టుప్రక్కల పల్లెలలో ఇంట తెలుగు, వెలుపల తమిళం మాట్లాడే రైతు కుటుంబాలు ఉన్నాయి. విజయనగర రాజుల కాలంలోనూ, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోనూ దక్షిణానికి తరలిపోయిన తెలుగువారి సంతతి వారు. ఆ నల్లరేగడి నేలలలో పత్తి పండించి బ్రతికిన అటువంటి కుటుంబాలలో ఒకదానిలో పుట్టినవాడే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి.డి. నాయుడు అని పిలిచింది.

దొరస్వామి 1893వ సంవత్సరం మార్చి 23వ తేదీన కోయంబత్తూరుకు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించాడు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే తల్లి కన్నుమూసింది. తల్లి లేని ఆ పిల్లవాడు అల్లరివాడుగా పెరిగాడు. బడి అంటే అతనికి సరిపడలేదు. పంతుళ్ల మీద ఇసుక చల్లి పారిపోయేవాడట. ప్రాథమిక విద్య అయినా పూర్తి కాకుండానే అతని బడి చదువు ముగిసింది. తండ్రి అతనిని పొలం పనులలో పెట్టాడు. బడికి వెళ్లనివాడు చెడిపోతాడని ఊరివారు అనుకొని ఉంటే అందులో వింత లేదు. కానీ దొరస్వామి బుద్ధికి పదును తక్కువేమీ లేదు. అది పుస్తకం మీద కాక వస్తువుల మీద నిలిచేది. ఏ వస్తువును చూసినా అది ఎట్లా తయారయింది, లోపల ఏమున్నది అన్న ఆలోచన అతనిని వదిలేది కాదు.

అతనికి ఇరవై ఏండ్ల వయస్సు వచ్చినప్పుడు ఒక సంఘటన జరిగింది. లాంకషైర్ అనే ఆంగ్లేయ రెవెన్యూ అధికారి ఒకడు రడ్జ్ కంపెనీవారి మోటారు సైకిలు మీద ఆ ప్రాంతంలో తిరుగుతుండేవాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు. తొక్కవలసిన పని కూడా లేదు. అయినా ఆ బండి దుమ్ము రేపుకుంటూ దూసుకుపోతున్నది. పొలంలో నిలబడి దానిని చూసిన దొరస్వామికి అటువంటి బండి తనకు కావాలనిపించింది. దానిని నడపాలన్న కోరిక కంటె విప్పి చూడాలన్న కోరికే బలమైనది. ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరాడు. చేతిలో కాసు లేదు. ఒక హోటలులో వడ్డన పనికి కుదిరాడు. ఆ పనిలోనూ, దొరికిన ఇతర చిల్లర పనులలోనూ మూడేండ్లు గడిపి, కూలి డబ్బులలో మిగిల్చి కొన్ని వందల రూపాయలు కూడబెట్టాడు. ఆ సొమ్ముతో ఆ అధికారి దగ్గరికే వెళ్లి ఆ మోటారు సైకిలునే కొన్నాడు.

కొన్నవాడు దాని మీద ఊరేగలేదు. ఏ భాగానికి ఆ భాగం ఊడదీశాడు. ఇంధనం ఎక్కడి నుంచి వస్తున్నది, గాలితో ఎక్కడ కలుస్తున్నది, నిప్పురవ్వ ఎక్కడ పుడుతున్నది, ఆ చిన్న పేలుడు చక్రాన్ని ఎట్లా త్రిప్పుతున్నది అన్న సంగతులన్నీ ఒక్కొక్కటిగా గమనించాడు. మరల అన్నింటినీ బిగించాడు. బండి నడిచింది. అతనికి కళాశాల అదే. అక్కడి నుంచి మోటారు మెకానిక్కుగా పనిచేయసాగాడు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పత్తి వ్యాపారంలో దిగి కొంత గడించాడు. దానిని పెంచుకుందామని బొంబాయి వెళ్లి, అక్కడి బేరగాండ్ల ముందు నిలువలేక పోగొట్టుకొని వచ్చాడు. ఆ నష్టం అతనిని తిరిగి యంత్రాల వైపు మళ్లించింది. కోయంబత్తూరులో పేరుపొందిన స్టేన్స్ సంస్థవారి తోడ్పాటుతో 1920లో ఒక మోటారు బస్సు సంపాదించి, పొల్లాచి, పళని పట్టణాల మధ్య తానే నడిపాడు. సుమారు అరవై కిలోమీటర్ల దూరం అది. పళని సుబ్రహ్మణ్యస్వామి క్షేత్రం కాబట్టి యాత్రికులకు కొదువ ఉండదు. అప్పటివరకు వారికి ఎద్దుబండ్లే గతి. బస్సు డ్రైవరూ ఆయనే, మరమ్మతు చేసుకొనేవాడూ ఆయనే. కొద్ది సంవత్సరాలలో ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా పెరిగింది. యు.ఎం.ఎస్. బస్సులంటే వేళ తప్పనివని పేరు వచ్చింది. దేశంలోని ఉత్తమమైన రవాణా సంస్థలలో ఒకటిగా దానిని చెప్పుకొనేవారు.

ఇంతవరకు చెప్పినది ఒక వ్యాపారి విజయగాథ మాత్రమే. అటువంటివారు దేశంలో ఇంకా కొందరు ఉన్నారు. నాయుడు జీవితంలో అసలు విశేషం ఆయన సంపాదన ఎక్కడికి పోయింది అన్న దానిలో ఉన్నది. బస్సుల మీద వచ్చిన డబ్బు ఆయన పనిశాలలోకి పోయింది.

1930 తరువాత కోయంబత్తూరు రూపురేఖలు మారాయి. నీలగిరి కొండలలో పైకారా నది నీటితో విద్యుత్తు ఉత్పత్తి చేసే కేంద్రం 1932లో పనిచేయడం మొదలుపెట్టింది. ఆ విద్యుత్తు కొండ దిగి పట్టణానికి వచ్చేసరికి నూలు మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. ఆ ప్రాంతపు బావులు చాలా లోతైనవి. ఎద్దులతో మోట తోలి నీరు తోడడం రైతుకు ప్రాణాంతకమైన పని. కరెంటు మోటారు ఉంటే ఆ కష్టం తీరుతుంది. కాని మోటారు కావాలంటే ఇంగ్లండు నుంచో, జర్మనీ నుంచో రావాలి. చెడిపోతే భాగాలకై నెలల తరబడి ఎదురుచూడాలి.

విద్యుత్ మోటారు అన్నది చూడడానికి ఒక ఇనుప దిమ్మె. లోపల పలుచని ఇనుప రేకులు ఒకదానిపై ఒకటి పేర్చి ఉంటాయి. వాటి గాళ్లలో లక్క పూసిన రాగి తీగ చుట్టలు చుట్టలుగా ఉంటుంది. తీగలో విద్యుత్తు ప్రవహిస్తే అయస్కాంత శక్తి పుడుతుంది. ఆ శక్తి నడుమనున్న ఇరుసును త్రిప్పుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి కూర్చుంటే రేకుల మందం తప్పినా, తీగ మీది పూత ఒక్కచోట లేచినా, ఇరుసు వెంట్రుకవాసి ప్రక్కకు ఒరిగినా మోటారు వేడెక్కి కాలిపోతుంది. పీలమేడులోని నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే నాయుడు కర్మాగారం నుంచి 1937లో వెలువడిన మోటారును మన దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా చెబుతారు. ఈ పనిలో డి. బాలసుందరం నాయుడు అనే నిపుణుడి తెలివి ముఖ్యమైనది. ఆయనే తరువాత టెక్స్‌టూల్ అనే ప్రసిద్ధ సంస్థను నెలకొల్పాడు. కోయంబత్తూరు నేటికీ మోటార్లకు, పంపుసెట్లకు దేశమంతటా పేరుపొందిన పట్టణం.

ఆ రోజులలోనే జయపురం సంస్థానాధీశుడు, తెలుగు కవి అయిన విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇస్తూ విజ్ఞానశాస్త్రాల బోధనకు అండగా నిలిచాడు. విశాఖపట్నంలోని ఆ శాస్త్ర సాంకేతిక కళాశాలకు ఆయన పేరే పెట్టారు. ఒకచోట రాజు విద్యకు ధనం పోశాడు. మరొకచోట హోటలులో వడ్డన చేసినవాడు తన ధనాన్ని పనిముట్లకు పోశాడు. ఇంకా వెనుకకు పోతే ఒడిశాలోనే ఖండపడకు చెందిన పఠాణి సామంత (1835–1904) వెదురు బద్దలతో, కర్రతో తానే పరికరాలు చేసుకొని గ్రహాల గతులు లెక్కించాడు. చేతిలో ఉన్న సామగ్రితో పని సాగించే ఆ పద్ధతి నాయుడుకు కూడా స్వభావం.

ఆయన పలుమార్లు విదేశాలు తిరిగాడు. ముఖ్యంగా జర్మనీ కర్మాగారాలు ఆయనను ఆకర్షించాయి. వెళ్లిన చోటల్లా కెమెరా వెంట ఉండేది. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయంగా చలనచిత్రంగా తీశాడు. హిట్లరును కూడా కలుసుకున్నాడు. గాంధీజీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్ వంటి నాయకులను తన కెమెరాలో బంధించాడు. కెమెరా చేత పట్టినవాడు దానిని ఉన్నది ఉన్నట్లు వాడి ఊరుకోలేదు. చిత్రం తీయవలసిన వస్తువు ఎంత దూరంలో ఉన్నదో సరిచేసే పరికరం ఒకటి చేశాడు.

ఆయన పేరును ఇంటింటికీ తీసుకొనిపోయినది గడ్డం గీసుకొనే యంత్రం. దాని పేరు రసాంత్. టార్చిలైటులో వేసే ఎండు బ్యాటరీలతో నడిచే అతి చిన్న మోటారును అందులో అమర్చారు. అప్పటికి మన పల్లెలలో చాలావాటికి కరెంటు ముఖమే తెలియదు. గోడకు తగిలించే తీగ అవసరం లేని యంత్రం అన్న ఆలోచన ఆ పరిస్థితిని గుర్తెరిగి చేసినది. దానితో పాటు మిక్కిలి పలుచని బ్లేడులు, పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా ఆయన పనిశాలలో రూపొందాయి. కిరసనాయిలు పంకా అంటే నేటి విద్యార్థికి నవ్వు రావచ్చు. కరెంటు లేని ఇంట్లో వేసవి గడిపినవారికి నవ్వు రాదు.

1941లో ఆయన ఒక ప్రకటన చేశాడు. అయిదు వాల్వుల రేడియో సెట్టును మన దేశంలోనే తయారుచేసి డెబ్బయి రూపాయలకు ఇవ్వగలనన్నాడు. రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. యుద్ధ వార్తలకై ఊరంతా చెవి ఒగ్గి ఉన్నది. విదేశాల నుంచి వచ్చే రేడియోలు మధ్యతరగతివారికి కూడా అందని ధరలో ఉండేవి.

వాల్వు అంటే లోపలి గాలిని తీసివేసిన చిన్న గాజుబుడ్డి. అందులోని సన్నని తీగ వేడెక్కి ఎర్రబారినప్పుడు ఎలక్ట్రానులు వెలువడి ఎదుటి రేకు వైపు పోతాయి. నడుమ ఒక జల్లెడ వంటి తీగ ఉంటుంది. దానికి ఇచ్చే కొద్దిపాటి విద్యుత్తుతో ఆ ప్రవాహాన్ని పెంచవచ్చు, తగ్గించవచ్చు. చెరువు తూమును చేతితో త్రిప్పి కాలువ నీటిని అదుపు చేసినట్లే ఇది. అయిదు వాల్వుల రేడియోలో సాధారణంగా ఒకటి గాలిలో వచ్చే తరంగాన్ని కోరిన తీరుకు మారుస్తుంది, ఒకటి దాని బలం పెంచుతుంది, ఒకటి అందులోని మాటను, పాటను వేరుచేస్తుంది, ఒకటి ఆ శబ్దానికి స్పీకరును కదిలించేంత శక్తి ఇస్తుంది, మిగిలినది వీటన్నింటికీ కావలసిన విద్యుత్తును సరిచేస్తుంది. ఈ అయిదు పనులను అమర్చే పెట్టెను అంత తక్కువ ధరకు ఇస్తానని, బడి మెట్లు సరిగా ఎక్కని ఒక మనిషి అన్నాడు.

ఆ వాల్వు చేసిన పనినే 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొన్న ట్రాన్సిస్టరు అతి చిన్న స్థలంలో చేయసాగింది. 1958లో జాక్ కిల్బీ అనే ఇంజనీరు మరొక అడుగు వేశాడు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో ఆయన కొత్తగా చేరాడు. తక్కినవారంతా వేసవి సెలవులకు పోగా, సెలవు లేని ఆయన ఒంటరిగా కూర్చొని ఆలోచించాడు. జెర్మేనియం ముక్క ఒకదానిలోనే వేర్వేరు భాగాలన్నీ ఏర్పరచి, సన్నని బంగారు తీగలతో కలిపాడు. సెప్టెంబరు 12న దానిని నడిపి చూపించాడు. కంప్యూటర్లలో నేడు ఉండే చిప్పుకు మూలం ఆ చేతిపని ముక్కే. ఈ కిల్బీ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికుడుగా మన దేశపు ఈశాన్య భాగంలోని ఒక తేయాకు తోటలో రేడియోలు బాగుచేసే పనిలో ఉన్నాడన్నది చాలామందికి తెలియని సంగతి. 2000లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

చిప్పుల తయారీ ఇప్పుడు వేల కోట్ల రూపాయల కర్మాగారాల పని. అయినా ఇంట్లోనే దానిని ప్రయత్నించేవారు లేకపోలేదు. 2016లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఒక ఇంజనీరు నలభై వేలకు పైగా ట్రాన్సిస్టర్లను విడివిడిగా అతికి, గది గోడలంత ప్రాసెసరును తన ఇంట్లో నిర్మించాడు. చిప్పులో కంటికి కనపడకుండా జరిగే పని అందులో దీపాలు వెలుగుతూ ఆరుతూ కనిపిస్తుంది. 2018లో అమెరికాలో ఒక పాఠశాల విద్యార్థి పాత యంత్రాలను కొని, బాగుచేసుకొని, తన ఇంటి గ్యారేజీలో ఆరు ట్రాన్సిస్టర్ల చిప్పును తయారుచేశాడు. వీరు మోటారు సైకిలు విప్పిన దొరస్వామికి దూరపు చుట్టాలని చెప్పవచ్చు.

నాయుడు చేసిన వస్తువులలో ఓట్లు నమోదుచేసే యంత్రం ఒకటి ఉన్నది. లెక్కను ఎవరూ దొంగచాటుగా మార్చడానికి వీలులేని విధంగా దానిని రూపొందించాడు. అప్పట్లో దాని మీద ప్రభుత్వం దృష్టి నిలువలేదు. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1970వ దశాబ్ది చివరలో ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం నమూనాను తయారుచేసింది. 1982లో కేరళలోని పరవూరు శాసనసభ స్థానంలో కొన్ని పోలింగు కేంద్రాలలో అటువంటి యంత్రాలను మొదటిసారి వాడారు. నాయుడు యంత్రంలో చిప్పు లేదు, ఈ యంత్రాలు దాని నుంచి పుట్టినవీ కావు. కాని సమస్య ఒక్కటే.

1944లో ఆయన బస్సుల వ్యాపారం నుంచి తప్పుకున్నాడు. పరిశోధన చేసేవారికి, తన వద్ద పనిచేసినవారికి, అణగారిన వర్గాలవారికి ధనసహాయం ప్రకటించాడు. సాంకేతిక విద్య కోసం ఆయన పూనికతో, విరాళాలతో కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలశాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. ఆ ఇంజనీరింగు కళాశాలే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. 1945లో ఆ కళాశాలకు నాయుడే ప్రిన్సిపాలు అయ్యాడు. మూడవ తరగతి దాటనివాడని లోకం చెప్పుకొనే వ్యక్తి ఇంజనీరింగు కళాశాలకు అధిపతి కావడం మన విద్యా చరిత్రలో అరుదైన ఘట్టం. నాలుగేండ్ల చదువు అనవసరమనీ, పని చేతికి వచ్చేటట్లు నేర్పితే రెండేండ్లు చాలుననీ ఆయన వాదం. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవి విడిచిపెట్టాడు. ఈ వాదంలో ఆయన పక్షం పూర్తిగా ఒప్పని చెప్పలేము. అందరికీ ఆయనవంటి చూపు ఉండదు. గణితం, భౌతికశాస్త్రం నిదానంగా ఎక్కవలసిన మెట్లు. కాని సుత్తి పట్టని ఇంజనీర్లు తయారవుతారని ఆయన పడిన భయం వట్టిది కాదు.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఆయన ఆశలు పెరిగాయి. 1952లో ఇద్దరు కూర్చొనే చిన్న పెట్రోలు కారు ఆయన పనిశాల నుంచి వెలువడింది. వెల రెండువేల రూపాయలే. నాలుగు చక్రాల బండి ధనవంతులకు మాత్రమే అన్న కాలంలో ఒక ఉపాధ్యాయుడో, చిన్న వర్తకుడో కొనగల కారు అది. కాని అప్పటికి పరిశ్రమల మీద కొత్త చట్టం వచ్చింది. ఏ వస్తువు ఎవరు ఎన్ని చేయాలన్నదానికి ప్రభుత్వం అనుమతి కావాలి. కొద్దిపాటి పెట్టుబడిని, విదేశీ మారకాన్ని దేశానికి అత్యవసరమైన పనులకు మళ్లించాలన్నది ఆ చట్టం వెనుక ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చు. నాయుడు కారుకు మాత్రం అనుమతి రాలేదు. తయారీ ఆగిపోయింది.

పన్నుల భారం ఒకవైపు, అనుమతుల నిరాకరణ మరొకవైపు ఆయనను విసిగించాయి. ఆ కోపంలో ఆయన తన పనిశాలలో తయారైన రేడియోల వంటి వస్తువులను ప్రజలందరూ చూస్తుండగా పగలగొట్టించాడు. ప్రభుత్వానికి తన నిరసన తెలపడానికి ఆయన ఎంచుకున్న మార్గం అది. వాటిని పగలగొట్టే బదులు ఏ పాఠశాలకైనా ఇచ్చి ఉంటే పిల్లలు విప్పి చూసి నేర్చుకొనేవారు కదా అనిపించక మానదు. అయితే తీగ తీగా చుట్టి, మర మరా బిగించిన చేతులే సుత్తి ఎత్తవలసి వచ్చినప్పుడు ఆ మనిషి ఎంత నొచ్చుకొని ఉండాలో కూడా ఊహించవలసి ఉన్నది. ఆ సంఘటన తరువాత కూడా కారుకు అనుమతి రాలేదు.

యంత్రాల మీద ఆశ సన్నగిల్లినప్పుడు ఆయన పుట్టిన వృత్తి ఆదుకొన్నది. పొలంలో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలు చేసి కొత్త రకాలను పెంచాడు. ఆ తోటను చూడడానికి సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహనీయులు వచ్చారు. పునాది మొదలు పైకప్పు వరకు ఒక ఇంటిని కొద్ది గంటలలోనే కట్టించి చూపినది కూడా ఆయనే.  అన్ని పనులూ ముందే లెక్కవేసి, ఏ భాగం ఎప్పుడు ఎవరు అమర్చాలో నిర్ణయించుకొంటే కాలం ఎంత కలిసివస్తుందో నిరూపించాలని ఆయన పట్టుదల.

1967లో ఆయన కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనను, కార్మికుల సంక్షేమ సంఘాన్ని ఏర్పాటు చేశాడు. యంత్రాలను అద్దాల వెనుక దాచకుండా, అవి ఎట్లా పనిచేస్తాయో సామాన్యులు చూసి తెలుసుకోవాలన్నది ఆయన కోరిక. 1974 జనవరి 4వ తేదీన, ఎనభై ఏండ్లు నిండిన వయస్సులో ఆయన కన్నుమూశాడు.

కోయంబత్తూరులోని అవినాశి రోడ్డు మీద ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాలకు నేటికీ పాఠశాలల నుంచి విద్యార్థులు వస్తుంటారు. ఆయన సేకరించిన విదేశీ యంత్రాలు, ఆయన చేయించిన పరికరాలు అక్కడ ఉన్నాయి. అదే రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవున కట్టిన వంతెనకు 2025 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం జి.డి. నాయుడు పేరు పెట్టింది.